రాజు సంతకం, దివాన్ మాట: 1947లో దక్షిణాది సంస్థానాలు ఎటు నడిచాయి?

బ్రిటిష్ పాలన ముగిసే నాటికి మద్రాసు ప్రెసిడెన్సీ పొరుగున హైదరాబాద్, మైసూరు, తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాలు ఉన్నాయి. భారత్‌లో చేరే పత్రంపై సంతకం చేయాల్సింది రాజులే. కానీ చర్చలు నడిపింది, ఆ సంతకాన్ని ముందుకో వెనక్కో నెట్టింది ఎక్కువగా వారి దివాన్లు. ఒకే ప్రశ్నకు ఒక్కో సంస్థానం ఒక్కో జవాబిచ్చింది. దాని ఫలితం ప్రజలు అనుభవించారు.

దివాన్ అధికారం ఎంత?

శిస్తు వసూలు, పోలీసు, ప్రజాపనులు, బ్రిటిష్ ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు - ఇవన్నీ దివాన్ చేతిలో ఉండేవి. నేటి ముఖ్యమంత్రితో పోలిక అక్కడితో సరి. ముఖ్యమంత్రి శాసనసభకు జవాబు చెప్పాలి. దివాన్ రాజుకు చెబితే చాలు. నియామకాల్లో బ్రిటిష్ రెసిడెంట్ మాటకూ బలం ఉండేది.

హైదరాబాద్‌లో 1919లో కార్యనిర్వాహక మండలి ఏర్పడింది. దాని అధ్యక్షుడే ప్రధాని. పేరున్న పాలకుల కోసం సంస్థానాలు పోటీపడేవి. 1926 నుంచి 1941 వరకు మైసూరు దివాన్‌గా ఉన్న మీర్జా ఇస్మాయిల్ ఆ తర్వాత జైపూర్‌లో, 1946-47లో హైదరాబాద్‌లో ప్రధానిగా పనిచేశారు.

తిరువాన్కూరు: ప్రకటన, వెనుకడుగు

మహారాజు చిత్తిర తిరునాళ్ బలరామ వర్మ. 1936 నుంచి దివాన్ సి.పి. రామస్వామి అయ్యర్. ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడింది ఆ ఏడాదే. దివాన్ ప్రతిపాదించిన రాజ్యాంగంలో దివాన్ పదవి శాసనసభకు అందకుండా ఉండేది. దీనిపై వ్యతిరేకత, కూలీల కష్టాలు కలిసి 1946 అక్టోబరులో పున్నప్ర-వయలార్ తిరుగుబాటుకు దారితీశాయి. సైనికుల కాల్పుల్లో ఎందరో చనిపోయారు.

1947 జూన్ 11న సి.పి. స్వతంత్ర తిరువాన్కూరును ప్రకటించారు. పాకిస్తాన్‌కు ప్రతినిధిని పంపుతామని కూడా చెప్పారు. జులై 25న తిరువనంతపురంలో ఆయనపై కత్తి దాడి జరిగింది. రోజుల వ్యవధిలోనే భారత్‌లో చేరేందుకు మహారాజు అంగీకారం తెలిపారు. ఆగస్టులో సి.పి. పదవి వదిలారు.

సరిహద్దుకు అవతల ఉన్న కొచ్చిన్‌లో కథ వేరు. అక్కడ దివాన్ షణ్ముఖం చెట్టి కాలంలోనే, 1938లో, ఎన్నికైన మంత్రికి కొన్ని శాఖలు అప్పగించారు. 1947 ఏప్రిల్‌లో కొచ్చిన్ ప్రతినిధి రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

మైసూరు: చేరిక తేలిక, అధికార బదిలీ కాదు

జయచామరాజ వడయార్ దివాన్ ఆర్కాటు రామస్వామి మొదలియార్ కర్నూలులో పుట్టారు. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి తొలి అధ్యక్షుడు ఆయనే. మైసూరు 1947 ఆగస్టులో, స్వాతంత్ర్య దినానికి ముందే, భారత్‌లో చేరింది. ప్రజా ప్రభుత్వం మాత్రం వెంటనే రాలేదు. సెప్టెంబరులో కాంగ్రెస్ 'మైసూరు చలో' ఉద్యమం చేపట్టింది. అక్టోబరులో కె.సి. రెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

హైదరాబాద్: ప్రధానులు మారినా తేలని నిర్ణయం

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుంచి నిజాం. ఒప్పందానికి మొగ్గు చూపిన మీర్జా ఇస్మాయిల్ 1947 మేలో తప్పుకున్నారు. తర్వాత వచ్చిన ఛతారీ నవాబు ఢిల్లీతో యథాతథ ఒప్పందం కోసం చర్చలు జరిపారు. అక్టోబరు చివర్లో రజాకార్ల మద్దతుదారులు చర్చల బృందం ఇళ్లను చుట్టుముట్టి ప్రయాణం ఆపేశారు. ఛతారీ రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ వచ్చారు. నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరినా, అసలు నిర్ణయం వాయిదా పడింది.

ఆ వ్యవధిలో గ్రామాల్లో రజాకార్ల దాడులు పెరిగాయి. తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం సాగింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత చెలరేగిన హింసలో కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

తేడా ఎక్కడ?

దివాన్ల సమర్థత ఒక్కదానితో దీన్ని వివరించలేం. సి.పి., మొదలియార్, మీర్జా ముగ్గురూ సమర్థులుగా పేరున్నవారే. ఎన్నికైన ప్రతినిధులకు కొంతైనా చోటిచ్చిన కొచ్చిన్‌లో చేరిక సాఫీగా సాగింది. తిరువాన్కూరు, హైదరాబాద్‌లలో దివాన్‌ను, రాజును నిలదీసే చట్టబద్ధమైన దారి ప్రజలకు దాదాపు లేదు. ఒత్తిడి వీధుల్లోనే కనిపించింది.

తర్వాత నిజాం, మైసూరు, తిరువాన్కూరు రాజులు రాజప్రముఖులుగా కొనసాగారు. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ పదవీ పోయింది. ఆ నవంబరు 1న జయచామరాజ వడయార్ మైసూరు రాష్ట్ర గవర్నరయ్యారు. ఒకప్పుడు దివాన్‌ను నియమించిన రాజు, ఇక ఎన్నికైన మంత్రివర్గం సలహా మేరకు సంతకం చేయాలి.