ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలు హైదరాబాదులోని విశ్వవిద్యాలయ ఆవరణలో విద్యార్థుల నివాస, భోజన వసతి కొరకు ఏర్పడినవి. వాడుకలో వీటిని హాస్టళ్ళు అంటారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో నివాస కళాశాల బస కల్పించడమే కాక బోధనలోను పాలుపంచుకుంటుంది. ఉస్మానియాలో బోధన కళాశాలది, బస హాస్టలుది. అయినను ఇక్కడి విద్యార్థి జీవితాన్ని మలచినది తరగతి గది కన్న హాస్టలు గదియే అనవచ్చు.

పూర్వరంగం

విశ్వవిద్యాలయం స్థాపించబడిన 1918లోనే నగరంలో రెడ్డి హాస్టలు ఏర్పడింది. దీనికి రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి ముఖ్య కారకుడు. సురవరం ప్రతాపరెడ్డి దీని నిర్వహణ బాధ్యతలు చూశాడు. ఉర్దూ బోధనా భాషగా ఉన్న ఆ రోజులలో పల్లెల నుండి వచ్చిన తెలుగు విద్యార్థికి తన భాషలో పుస్తకం, పత్రిక దొరికే చోటు ఇటువంటి హాస్టలే.

వందేమాతరం ఉద్యమం

1938లో విశ్వవిద్యాలయ 'బి' హాస్టలులోని హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరం గీతం పాడసాగారు. అధికారులు దానిని నిషేధించారు. విద్యార్థులు మానలేదు. వారిని మొదట హాస్టలు నుండి, పిదప విశ్వవిద్యాలయం నుండి వెళ్ళగొట్టారు. ఉద్యమం ఔరంగాబాదు, గుల్బర్గా, వరంగల్లు కళాశాలలలో కూడా సాగింది. చదువు ఆగిపోయిన అనేకులకు నాగపూర్ విశ్వవిద్యాలయ ఉపకులపతి టి.జె.కేదార్ ప్రవేశం కల్పించాడు. అలా నాగపూర్ వెళ్ళి చదివినవారిలో తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు ఒకడు. హాస్టలులో చోటు పోవడమంటే చదువే పోవడమని ఈ ఘటన తెలుపుతుంది.

నిత్య జీవితం

మెస్ ఖర్చును నెలాఖరున విద్యార్థులు పంచుకొనే పద్ధతి ఉంది. స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే మెస్ బకాయి పెరుగుతుంది. పేద విద్యార్థికి ఇది పరీక్షల కన్న పెద్ద దిగులు. సీటు దొరకని మిత్రుని గదిలో ఉంచుకోవడం కూడా కద్దు. ఇట్టివారిని నాన్ బోర్డర్లు అంటారు. ఒకే గదిలో వేరు వేరు జిల్లాల, కులాల వారు కలిసి ఉండడం వలన చర్చలు, సంఘాలు, ఉద్యమాలు పుట్టాయి. 1969లోను, 2009లోను తెలంగాణ ఉద్యమానికి ఈ హాస్టళ్ళు కేంద్రాలయ్యాయి.

నిజామాబాదు జిల్లా

ఆర్మూరు వంటి పసుపు మార్కెట్టు పట్టణాల నుండి పై చదువులకు బయలుదేరినవారికి చాలాకాలం ఉస్మానియా ఆవరణ, లేదా దాని భిక్నూరు పి.జి. కేంద్రమే దిక్కు. 2006లో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడింది. భిక్నూరు కేంద్రం దాని దక్షిణ ప్రాంగణమైంది.