కోరంగి రేవును పూడ్చిన ఒండ్రు

ఒకప్పుడు బర్మా దేశమున తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. గౌతమీ ముఖమునకు చేరువనున్న కోరంగి రేవునుబట్టి వచ్చిన పేరది. ఓడల రాకపోకలతో కళకళలాడిన ఆ రేవు నేడొక చిన్న గ్రామము. దాని చెంతనే మడ అడవులు. 1789లోను, 1839లోను వచ్చిన తుఫానులు దానికి గొప్ప నష్టము కలిగించినవి. అయితే దానిని రేవు కాకుండ చేసినది ఉప్పెనలు మాత్రమే కాదు. ఏటేట వరదలు తెచ్చిన ఒండ్రు కూడ.

ఈ ఒండ్రు ఎక్కడిది? నాసిక సమీపమున త్ర్యంబకము వద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమును చేరును. దక్కను పీఠభూమి నల్లరేగడి మట్టియు, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు తెచ్చు మట్టియు దీనిలో కలియును. పాపికొండల ఇరుకున వడిగా పారిన నీరు పోలవరము దాటి మైదానమున ప్రవేశింపగానే వెడల్పై నెమ్మదించును. వడి తగ్గినకొలది ముందు ముతక ఇసుకయు, పిదప సన్నని ఇసుకయు, చివరకు బురదయు దిగును. నది నడుమ లంకలు ఇట్లే ఏర్పడినవి. ధవళేశ్వరము దిగువ గౌతమి, వసిష్ఠ పాయల నడుమ వ్యాపించిన కోనసీమ కూడ నది పోసిన నేలయే.

సముద్రపు ఉప్పునీటిలో బురద రేణువులు ఒకదానికొకటి అంటుకొని త్వరగా అడుగునకు దిగును. రెండు గాజు గ్లాసులలో బంకమట్టి నీరు పోసి, ఒకదానిలో ఉప్పు కలిపినచో విద్యార్థులు ఈ భేదమును తరగతిలోనే చూడవచ్చును.

తరువాతి పని అలలది, గాలిది. నైరుతి ఋతుపవన కాలమున ఏటవాలుగా వచ్చు అలలు ఇసుకను తీరము వెంబడి ఈశాన్యముగా నెట్టును. కాకినాడకు ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుక తిన్నె ఇట్లు పెరిగినదే. దాని కొసను హోప్ ఐలండ్ అందురు. ఒడ్డున ఎండిన ఇసుకను గాలి ఎగురగొట్టి, గడ్డి దుబ్బులు అడ్డుపడినచోట దిబ్బలుగా పోయును. నేడు తీరమునకు దూరముగా, పొలముల నడుమ వరుసలుగా కనబడు ఇసుక దిబ్బలు పూర్వపు సముద్రతీరముల గుర్తులు.

నది తెచ్చిన మట్టి కోరంగిని పూడ్చినది. ఆ నది తెచ్చిన ఇసుకయే తిన్నెగా పెరిగి కాకినాడ రేవును అలల తాకిడినుండి కాపాడుచున్నది.

1847లో ఆర్థర్ కాటన్ ప్రారంభించిన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని కాలువలు డెల్టాకు అన్నము పెట్టినవి. తరువాతి కాలమున నది ఎగువను అనేక జలాశయములు వెలసినవి. వాటిలో నీటితోపాటు ఒండ్రు కూడ నిలిచిపోవును. 1970 దశకముతో పోల్చగా, 2000 తరువాత సముద్రమును చేరు ఒండ్రు సగముకంటె తక్కువయైనది. డెల్టా నేల తన బరువునకు తాను కుంగుచుండును. ఆ లోటు తీర్చునది క్రొత్త ఒండ్రే. అది తగ్గినచోట అలలు తీరమును కోయును. మట్టి ఎక్కువై కోరంగి రేవు పోయినది. మట్టి తక్కువైనచో పోవునది ఊళ్లును, పొలములును.