కరవు భత్యము - వంటయింటి పొదుపు

ఉద్యోగుల జీతపు పట్టికలో ‘కరవు భత్యము’ అను మాట చిరపరిచితమైనది. ఆంగ్లమున దాని పేరు ధరల ప్రియమును మాత్రమే సూచించును. తెలుగు పేరు కరవునే తలపునకు దెచ్చును. కలకత్తా చరిత్ర నెరిగినవారికి తెలుగు పేరే సార్థకమని తోచకమానదు.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మా బియ్యము రాక నిలిచిపోయెను. ఆ అక్టోబరున వచ్చిన తుపాను మిడ్నపూరు జిల్లాను పాడుచేసెను. 1942 డిసెంబరున కలకత్తాలో మణుగు 13, 14 రూపాయలున్న ముతక బియ్యము 1943 మే నెలకు 30 రూపాయలు దాటెను. ఆ క్షామమున మడిసినవారు 15 లక్షలని విచారణ సంఘము లెక్కగట్టగా, 30 లక్షల వరకు నుందురని తరువాతి పండితులు కొందరు తలచిరి. 1944లో నగరమున రేషను పద్ధతి అమలులోనికి వచ్చెను.

గార్డెన్ రీచి ప్రధాన కార్యాలయముగా గల బెంగాలు నాగపూరు రైల్వే వాల్తేరు వరకు సాగెను. ఆ దారినే ఎందరో తెలుగువారు ఖరగ్‌పూరు కర్మాగారమునకును, కలకత్తాకును జీవనార్థులై వచ్చిరి. యుద్ధకాలమున రైల్వేలు తమ ఉద్యోగులకు సరసమైన ధరకు ధాన్యపు దుకాణములను తెరచెను. కాని ఊరగాయయు, వడియమును రేషను చీటికి దొరకునవి కావు. అవి గృహిణి చేతిలోని విద్యలు.

వంగదేశపు పదార్థములు ఈ విద్యకు కొంత అనుకూలించినవి. అచటి ‘సిద్ధో చాల్’ మన ఉప్పుడు బియ్యమే, ఇడ్డెనకు తగినది. వారి ‘బివులీర్ డాల్’ మన మినపపప్పే. బూడిదగుమ్మడి కలిపి మనము పెట్టు వడియములకు వారి ‘బొడి’ తోబుట్టువు. తమలూకు ప్రాంతపు స్త్రీలు నగల ఆకృతులలో గసగసాలపై తీర్చు ‘గొయనా బొడి’ ప్రసిద్ధమైనది. పిండిని గుల్లవారునట్లు గిలకొట్టి, చిటికెడు నీటిలో వేసి, తేలినదో లేదో చూచుట ఉభయులకును తెలిసిన పరీక్ష. భేదమంతయు ఎండలోనే: మనకు వేసవి వడియముల కాలము, వంగనారికి పొడిగాలి వీచు శీతకాలము. వైశాఖపు గాలివానలు ఏ సాయంకాలమున విరుచుకొనిపడునో తెలియని ఊరిలో మేడపై చాప పరచుట సాహసమే.

ఆవకాయకును ఇదే చిక్కు. జూనులో వానలు దిగకమునుపే కాయను తుడిచి, తరిగి, ఆవపిండి, కారము, ఉప్పు, నూనె కలిపి జాడి కెత్తవలెను. తడి తగిలినచో బూజు పట్టును. వంగీయులు ఆవాలనే నూరి ‘కాసుంది’ చేసికొందురు. పెరుగు సంగతి వేరు. వారికి తీపి పెరుగు ప్రీతి. మనకు పులిసినది కావలెను. కావున తోడు గిన్నె ఇంట తప్పనిసరియయ్యెను.

1965లో కలకత్తాలో మరల నిర్బంధ రేషను వచ్చెను. పాలకొరతచే ప్రఫుల్ల చంద్ర సేన్ ప్రభుత్వము ఆ యేడే ఛానాతో చేయు సందేశ్, రసగుల్లా వంటి మిఠాయిలను నిషేధించెను. మరుసటి సంవత్సరము ఆహారోద్యమము చెలరేగెను. అన్నము తక్కువై గోధుమ ఎక్కువైన ఆ దినములలో గోధుమరవ్వ ఉప్మా, చపాతీ తెలుగువారి విస్తరిలోనికిని చేరినవి.

అయితే ఈ పొదుపునకు హద్దు కలదు. వడియము పెట్టుటకు పప్పుండవలెను. తరవాణికి ముందు అన్నము వండవలెను. 1943లో ఎక్కువగా మడిసినవారు భూమిలేని కూలీలు, జాలరులు. నెలజీతమును ధాన్యపు దుకాణమును గలవారు కారు. ‘ఫ్యాన్ దావ్’ అని వారు నగరవీథుల నడిగినది అన్నము కాదు, వార్చిన గంజి. ఇంటి నేర్పు ప్రియము నోర్చుకొన గలదు గాని కరవు నాపజాలదు. దాని నాపవలసినది ప్రభుత్వమే.

మరియొక లెక్కయు మిగిలియున్నది. నేటి కరవు భత్యము పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచికను బట్టి నిర్ణయింపబడుచున్నది. ఆ సూచికలో అంగడి ధర కలదు. రుబ్బురోలు ముందు గడచిన గంటలు లేవు. ఆ కాలపు జీతములు నెలాఖరు వరకు సరిపోయిన యిండ్లలో, ఆ యెక్కువ భాగము ఏ పట్టికయందును చేరని స్త్రీల శ్రమ. సొంత ఊరి రుచి ఈ నగరమున నిలిచినదన్న, ఆ శ్రమను తలచికొనుట న్యాయము.