సమాచార హక్కు దరఖాస్తు – విలేకరుల వినియోగం

సమాచార హక్కు చట్టం–2005 కింద రికార్డులు రాబట్టి వార్తకు ఆధారం చేసుకోవడం పరిశోధనాత్మక పాత్రికేయంలో ముఖ్యమైన నైపుణ్యం. పత్రికల వాడుకలో ఈ చట్టం పేరు ‘సహ చట్టం’. 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. విలేకరికి ఇందులో ప్రత్యేక హక్కేమీ లేదు. హక్కు పౌరుడిది కాబట్టి పత్రిక లెటర్‌హెడ్ మీద కాక సొంత పేరుతో దరఖాస్తు చేయడమే మేలు. సమాచారం ఎందుకో చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) స్పష్టంగా అంటుంది.

అసలు పనితనమంతా ప్రశ్న రాయడంలో ఉంది. ‘రోడ్డు ఎందుకు పాడైంది?’ అని అడిగితే జవాబు రాదు. అధికారి తన దగ్గరున్న రికార్డు ఇవ్వాలే తప్ప కారణాలు వెతికి చెప్పనక్కర్లేదు. అదే సీసీ రోడ్డుకు అంచనా పత్రం, ఎం–బుక్ (కొలతల పుస్తకం), బిల్లుల నకళ్లు అడిగితే తప్పించుకోవడం కష్టం. ఎం–బుక్‌లో పొడవు, వెడల్పు, మందం నమోదై ఉంటాయి. ఆ నకలు, టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళితే వార్త అక్కడే దొరుకుతుంది. 1990లలో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ చేసిందీ ఇదే: మస్టర్ రోల్స్‌ను (కూలీల హాజరు పట్టీలను) ఊరి జనం ముందు చదివించింది. ఈ చట్టానికి దారి వేసిన ఉద్యమం అది.

జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు దాటితే నకళ్లు ఉచితం. ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. అందుకే రేపటి పేజీకి కాదు, వెంటపడి రాసే కథనానికే ఇది పనికొస్తుంది.

నకళ్లు అడిగినంతగా చాలామంది వాడుకోనిది ఫైళ్ల తనిఖీ. సెక్షన్ 2(జె) ప్రకారం కార్యాలయానికి వెళ్లి ఫైలు చూడవచ్చు, నోట్ చేసుకోవచ్చు. నోట్‌ఫైల్ తిరగేస్తే ఎవరు అభ్యంతరం చెప్పారో, ఎవరు తోసిపుచ్చారో తేదీలతో కనిపిస్తుంది. ఏ నకలు అడగాలో కూడా అప్పుడే తేలుతుంది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సహ చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని మార్చి వ్యక్తిగత సమాచారం మినహాయింపును విస్తృతం చేసింది. లబ్ధిదారుల జాబితాలతో అక్రమాలు బయటపెట్టే విలేకరికి ఇది గట్టి దెబ్బ. అలాంటి దరఖాస్తులో సెక్షన్ 8(2)ను ఉటంకించి, ప్రజా ప్రయోజనం ఏమిటో ముందే రాయాల్సి వస్తోంది.