కేథె కోల్విట్జ్ అచ్చుచిత్రాలు: మాధ్యమం, సామాజిక దృష్టి

ఉపోద్ఘాతం

ఒక కళాకారుడు ఏ వస్తువును స్వీకరించాడన్నది ఎంత ముఖ్యమో, ఆ వస్తువును ఏ మాధ్యమంలో పలికించాడన్నదీ అంతే ముఖ్యం. జర్మన్ కళాకారిణి కేథె కోల్విట్జ్ (1867-1945) విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూడడం సాధ్యం కాదు. ఎచింగ్, లితోగ్రాఫ్, వుడ్‌కట్ అనే మూడు అచ్చు పద్ధతులలోనూ ఆమె కృషి చేసింది. ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి ఆమె మారిన సందర్భాలను, అధ్యాపకురాలిగా ఆమె స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నేపథ్యం - శిక్షణ

కోల్విట్జ్ 1867 జూలై 8న తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించింది. తండ్రి కార్ల్ ష్మిట్ న్యాయశాస్త్రం చదివినా రాజకీయ విశ్వాసాల కారణంగా ఆ వృత్తిని వదలి భవన నిర్మాణంలోకి వచ్చాడు. మాతామహుడు యూలియస్ రుప్ అధికారిక చర్చి నుంచి బహిష్కృతుడై స్వతంత్ర మతసమాజాన్ని నెలకొల్పినవాడు. నమ్మినదాని కోసం నష్టపోవడానికి వెనుకాడని వాతావరణం ఆమెకు ఇంట్లోనే లభించింది.

ఆనాటి జర్మన్ కళా అకాడమీలు స్త్రీలను చేర్చుకునేవి కావు. అందువల్ల ఆమె బెర్లిన్, మ్యూనిక్ నగరాలలోని మహిళా కళాశాలలలో చదివింది. బెర్లిన్‌లో గురువు కార్ల్ స్టాఫర్-బెర్న్ ఆమెకు మాక్స్ క్లింగర్ అచ్చుచిత్రాలను పరిచయం చేశాడు. జీవితంలోని చీకటి కోణాలను వ్యక్తీకరించడానికి రంగుల చిత్రం కన్న రేఖాచిత్రమే అనువైనదన్న క్లింగర్ వాదం ఆమెను అచ్చుచిత్రకళ వైపు మళ్లించింది.

1891లో వైద్యుడు కార్ల్ కోల్విట్జ్‌ను వివాహమాడి ఉత్తర బెర్లిన్‌లోని కార్మికవాడలో స్థిరపడింది. భర్త వద్దకు వైద్యానికి వచ్చే కార్మిక స్త్రీలు ఆమె చిత్రాలకు ప్రధాన వస్తువయ్యారు.

తిరుగుబాటు చిత్రమాలికలు

1844లో సైలీషియా నేతకార్మికులు చేసిన తిరుగుబాటును గెర్హార్ట్ హౌప్ట్‌మన్ నాటకంగా మలిచాడు. 1893లో ఆ నాటక ప్రదర్శనను చూసిన కోల్విట్జ్ 'నేతకార్మికుల తిరుగుబాటు' మాలికకు పూనుకుంది. ఇందులో మూడు లితోగ్రాఫులు, మూడు ఎచింగులు ఉన్నాయి. 1898 బెర్లిన్ ప్రదర్శనలో దీనికి చిన్న స్వర్ణపతకం ఇవ్వాలని సిఫారసు జరిగింది. ఆ సిఫారసు వెనుక వృద్ధ చిత్రకారుడు అడాల్ఫ్ మెంజెల్ ఉన్నాడు. చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ దానిని తిరస్కరించాడు. మరుసటి ఏడాది డ్రెస్డెన్‌లో అదే మాలికకు పతకం లభించింది.

'రైతు యుద్ధం' మాలిక 1908లో ఏడు ఎచింగులుగా వెలువడింది. లోహపు పలకపై మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంతో కొరికించే ఈ పద్ధతిలో నలుపు తెలుపుల మధ్య అనేక ఛాయలను సాధించవచ్చు. 'యుద్ధభూమి' అనే చిత్రంలో ఒక తల్లి రాత్రివేళ లాంతరు వెలుగులో శవాల మధ్య కొడుకును వెదుకుతుంది. చుట్టూ ఉన్న చీకటిలో ఆమె చేయి, ఆ చేయి తాకిన ముఖం మాత్రమే వెలుగులో కనిపిస్తాయి. ఈ చిత్రం 1907 నాటిది. ఏడేళ్ల తరువాత ఆ తల్లి స్థానంలోకి చిత్రకారిణియే రావలసివచ్చింది.

యుద్ధం - వుడ్‌కట్

1914లో చిన్న కొడుకు పీటర్ సైన్యంలో చేరదలిచాడు. అతనికి అప్పుడు పద్దెనిమిదేళ్లే కనుక తండ్రి అనుమతి అవసరమైంది. తండ్రి అంగీకరించలేదు. కొడుకు పక్షాన నిలిచి భర్తను ఒప్పించినది కోల్విట్జ్. ఆ అక్టోబరులోనే పీటర్ బెల్జియంలో మరణించాడు. ఆమె తదనంతర కృషిని అర్థం చేసుకోవడానికి ఈ అంశం కీలకం. ఆమె దుఃఖంలో పశ్చాత్తాపం కూడా కలిసి ఉంది.

ఈ అనుభవానికి రూపమివ్వడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది. 1920లో ఎర్న్స్ట్ బార్లాక్ వుడ్‌కట్‌లను చూసిన తరువాత ఆమె ఆ పద్ధతిని చేపట్టింది. కార్ల్ లీబ్‌నెక్ట్ స్మారక చిత్రాన్ని ముందు ఎచింగ్‌లోనూ లితోగ్రాఫ్‌లోనూ ప్రయత్నించి, చివరకు వుడ్‌కట్‌గా పూర్తిచేసింది. 1923లో వెలువడిన 'యుద్ధం' మాలికలోని ఏడు చిత్రాలూ వుడ్‌కట్‌లే. చెక్కిన చోట తెలుపు, విడిచిన చోట నలుపు. ఎచింగ్‌లో కనిపించే మృదువైన ఛాయలకు ఇక్కడ తావు లేదు. 'బలి' అనే మొదటి చిత్రంలో తల్లి తన పసిబిడ్డను ముందుకు చాచి అర్పిస్తుంది. 'స్వచ్ఛంద సైనికులు'లో మృత్యువు డప్పు మోగిస్తూ యువకులను వెంట నడిపిస్తుంది. ఈ మాలికలో పోరాట దృశ్యం ఒక్కటీ లేదు. తల్లిదండ్రులు, వితంతువులు, పిల్లలు మాత్రమే ఉన్నారు. యుద్ధం ఇంట మిగిల్చినదే ఇక్కడి వస్తువు.

అదే కాలంలో గోడపత్రికలకు ఆమె లితోగ్రాఫ్‌ను వాడింది. రాతిపై జిడ్డు క్రేయాన్‌తో నేరుగా గీయవచ్చు, త్వరగా అచ్చువేయవచ్చు. 1924 నాటి 'ఇక యుద్ధం వద్దు' ఇలాంటిదే. ఆలోచించి నిలపవలసిన దానికి చెక్క, వెంటనే వీధికి చేరవలసిన దానికి రాయి అన్నది ఈ దశలో ఆమె పాటించిన విభజనగా చెప్పవచ్చు.

అధ్యాపకురాలిగా

తాను చదివిన బెర్లిన్ మహిళా కళాశాలలోనే కోల్విట్జ్ 1898 నుంచి కొన్నేళ్లు బోధించింది. 1919లో ప్రష్యన్ కళా అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొని ప్రొఫెసర్ బిరుదునిచ్చింది. 1928లో అక్కడి అచ్చుచిత్ర విభాగపు ఉన్నత శిక్షణశాలకు ఆమె అధిపతి అయింది. విద్యార్థినిగా అకాడమీలలో అడుగుపెట్టే హక్కు లేని స్త్రీ అధ్యాపకురాలిగా ఆ స్థానానికి చేరడం చరిత్రాత్మకం. అయితే ఆ స్థానం ఐదేళ్లే నిలిచింది. నాజీలకు వ్యతిరేకంగా వామపక్షాలు ఏకం కావాలన్న విజ్ఞప్తిపై సంతకం చేసినందుకు 1933లో ఆమె అకాడమీని విడవవలసివచ్చింది, శిక్షణశాలనూ కోల్పోయింది.

అధికారం ఆమె తరగతిగదిని మూయగలిగింది కాని అచ్చుప్రతులను ఆపలేకపోయింది. 1931లో చైనా రచయిత లూ షున్ 'బలి' చిత్రాన్ని పత్రికలో ప్రచురించాడు. 1936లో ఆమె చిత్రాల సంపుటిని వెలువరించాడు. చైనాలోని యువ వుడ్‌కట్ కళాకారులకు అవి పాఠాలయ్యాయి. చూడని గురువుకు శిష్యులు ఏర్పడడం అచ్చు మాధ్యమం వల్లనే సాధ్యమైంది.

ముగింపు

1942లో మనుమడు పీటర్ కూడా యుద్ధంలో మరణించాడు. ఆమె చివరి లితోగ్రాఫ్ 'విత్తన ధాన్యాన్ని పిండి చేయరాదు' ఆ కాలపుదే. అందులో తల్లి తన పైవస్త్రం కింద పిల్లలను కప్పి, బయటకు తొంగిచూస్తున్న వారిని గట్టిగా అదిమి పట్టుకుంటుంది. 'బలి'లో బిడ్డను అర్పించిన చేతులు ఇక్కడ బిడ్డలను విడవడానికి నిరాకరిస్తాయి. ఈ రెండు చిత్రాల మధ్య ఉన్న దూరమే ఆమె జీవితచరిత్ర సారం. 1945 ఏప్రిల్ 22న, యుద్ధం ముగియడానికి కొద్దిరోజుల ముందు, మోరిట్జ్‌బర్గ్‌లో ఆమె మరణించింది. ఎచింగ్ ఛాయల నుంచి వుడ్‌కట్ కాఠిన్యానికి, అక్కడి నుంచి లితోగ్రాఫ్ నిరాడంబరతకు ఆమె సాగించిన ప్రయాణం కేవలం నైపుణ్య వికాసం కాదు. తాను చేసిన పొరపాటును గుర్తించి, దానిని తరువాతి తరానికి హెచ్చరికగా మార్చిన ఒక మనస్సు పరిణామం.