ముందుచక్రాల ఇంజను – నాలుగుచక్రాల నడక: ఒక యాంత్రిక పరంపర చరిత్ర

వ్యాససంగ్రహం:

ముందుచక్రాలను మాత్రమే నడపడానికి రూపొందిన ఇంజనును నాలుగు చక్రాలూ లాగే వాహనంలో అమర్చడం ఇరవయ్యో శతాబ్దపు మోటారు వాహన చరిత్రలో పదేపదే కనిపించే ప్రయత్నం. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ నగరం కేంద్రంగా డీకేడబ్ల్యూ, ఆడి సంస్థల్లో 1956 నుండి 1991 వరకు సాగిన ఈ ప్రయత్నాన్ని ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. 1980లో వెలువడిన 'క్వాట్రో' కారును ఆకస్మిక ఆవిష్కరణగా చెప్పుకోవడం పరిపాటి. అది వాస్తవానికి పాత భాగాల పునర్వినియోగం నుండి, పాత అమరికల కొనసాగింపు నుండి పుట్టిందనీ, అందులోని అసలైన నూతనత్వం ఇంజనులో గాక శక్తిని పంచే విధానంలో ఉందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ముందుచక్రాల డ్రైవ్, నాలుగుచక్రాల డ్రైవ్, మూంగా, ఇల్టిస్, క్వాట్రో, డిఫరెన్షియల్, బోలు షాఫ్టు.

1. ఉపోద్ఘాతం:

యంత్రాల చరిత్రను రాసేవారు ఆవిష్కర్తల పేర్లకూ, ఆవిష్కరణ తేదీలకూ ప్రాధాన్యమివ్వడం సహజం. అయితే ఒక యంత్రం ఏ పాత యంత్రపు భాగాలతో తయారైందో పరిశీలించినప్పుడు ఆ చరిత్ర వేరొక రూపంలో కనిపిస్తుంది. కర్మాగారంలో ఏ పనీ శూన్యం నుండి మొదలుకాదు. అప్పటికే పోతపోసిన ఇంజను, అప్పటికే కోసిన గేర్లు, అప్పటికే పరీక్షకు నిలిచిన ఇరుసులు కొత్త వాహనానికి ముడిసరుకవుతాయి.

నాలుగు చక్రాలకూ శక్తినందించే కారు 1980 నాటికి కొత్త ఊహ కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన స్పైకర్ సంస్థ 1903లోనే అటువంటి పందెపు కారును నిర్మించింది. బ్రిటన్‌లో ఫెర్గూసన్ సంస్థ రూపొందించిన విధానంతో 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే కారు వెలువడింది. కానీ అది ఖరీదైన వాహనం కావడంతో మొత్తం 320 మాత్రమే తయారయ్యాయి. జపాన్‌లో సుబారు సంస్థ 1972లో లియోనే వ్యాను ద్వారా నాలుగుచక్రాల డ్రైవ్‌ను సాధారణ వాహనంలోకి తెచ్చింది. మంచు ప్రాంతాల్లో తీగల మరమ్మతులకు వెళ్లే విద్యుత్ సంస్థ సిబ్బంది అవసరమే ఆ ప్రయత్నానికి ప్రేరణ. ఈ పూర్వరంగాన్ని దృష్టిలో ఉంచుకున్నప్పుడే ఇంగోల్‌స్టాట్ ప్రయోగపు ప్రత్యేకత స్పష్టమవుతుంది.

2. డీకేడబ్ల్యూ వారసత్వం:

డీకేడబ్ల్యూ సంస్థ 1931లో ఎఫ్1 అనే చిన్నకారును ప్రదర్శించింది. రెండు సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజను, ముందుచక్రాల డ్రైవ్ దాని లక్షణాలు. మరుసటి ఏడాదే డీకేడబ్ల్యూ, ఆడి, హార్ష్, వాండరర్ సంస్థలు కలిసి ఆటో యూనియన్‌గా ఏర్పడ్డాయి. రెండో ప్రపంచయుద్ధానంతరం ఆ సంస్థ తూర్పు జర్మనీలోని తన కర్మాగారాలను కోల్పోయి, 1949లో ఇంగోల్‌స్టాట్‌లో పునఃప్రారంభమైంది.

1953లో వెలువడిన డీకేడబ్ల్యూ ఎఫ్91 కారులో మూడు సిలిండర్ల 896 సీసీ ఇంజనును ముందు ఇరుసుకంటే ముందుగా, కారు పొడవువెంబడి అమర్చారు. ఇంజను వెనుక క్లచ్, డిఫరెన్షియల్, వాటి వెనుక గేర్‌బాక్సు ఉంటాయి. ఇంజను శక్తి ముందుగా వెనక్కి గేర్‌బాక్సులోకి వెళ్లి, అక్కడి నుండి మళ్లీ ముందుకు వచ్చి ముందుచక్రాలను చేరుతుంది. ఈ అమరికలో గేర్‌బాక్సు చివరిభాగం వెనుక ఇరుసు వైపే చూస్తూ ఉంటుంది. ఆనాడు ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోని ఈ అంశమే తరువాతి చరిత్రకు ఆధారమైంది.

పశ్చిమ జర్మనీ కొత్తగా సైన్యాన్ని ఏర్పరచుకుంటున్న సమయంలో 1956లో డీకేడబ్ల్యూ ఒక చిన్న సైనిక వాహనం తయారీని ప్రారంభించింది. తరువాత 'మూంగా' అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ వాహనంలో ఉన్నది ముందుచక్రాల కారు కోసం రూపొందిన ఆ 896 సీసీ ఇంజనే. ఇంజను స్థానం కూడా మారలేదు. గేర్‌బాక్సు నుండి వెనక్కి ఒక షాఫ్టును పొడిగించి వెనుక ఇరుసును నడిపించారు. 1968 వరకు 46 వేలకు పైగా మూంగాలు తయారయ్యాయి. ముందుచక్రాల ఇంజను నాలుగుచక్రాల వాహనంలోకి చేరడం ఇంగోల్‌స్టాట్‌లో ఈ విధంగా క్వాట్రోకు దాదాపు పాతికేళ్ల ముందే జరిగింది.

3. ఇంజను మార్పిడి – ఆడి పునరాగమనం:

1960ల నాటికి టూస్ట్రోక్ ఇంజనుకు ఆదరణ తగ్గింది. ఆటో యూనియన్ అప్పుడు డైమ్లర్-బెంజ్ అధీనంలో ఉండేది. బెంజ్ నుండి వచ్చిన లుడ్విగ్ క్రౌస్ అనే ఇంజనీరు తనతో తెచ్చిన ఫోర్‌స్ట్రోక్ నాలుగు సిలిండర్ల ఇంజనును డీకేడబ్ల్యూ ఎఫ్102 కారులో అమర్చే పనికి నాయకత్వం వహించాడు. మూడు సిలిండర్ల కోసం చేసిన చోటులో నాలుగు సిలిండర్లు ఇముడవు. అందువల్ల రేడియేటరును ఇంజను పక్కన పెట్టవలసివచ్చింది. 1965లో 72 హార్స్‌పవర్ శక్తితో వెలువడిన ఆ కారుకు యుద్ధానికి ముందటి 'ఆడి' పేరు మళ్లీ పెట్టారు. సంస్థ కూడా ఆ కాలంలోనే ఫోక్స్‌వాగన్ చేతికి మారింది.

ఇంజను మారింది, యాజమాన్యం మారింది, కారు పేరు మారింది. కానీ ఇరుసుకు ముందు ఇంజను, వెనుక గేర్‌బాక్సు అనే అమరిక మాత్రం మారలేదు. సంస్థ సంప్రదాయం పేరులోకంటే ఈ అమరికలోనే ఎక్కువగా నిలిచిందనడం అతిశయోక్తి కాదు.

4. ఇల్టిస్ – మంచులో తేలిన సత్యం:

మూంగాకు వారసురాలిగా ఫోక్స్‌వాగన్ పేరుతో వెలువడిన సైనిక వాహనం 'ఇల్టిస్'. దాని రూపకల్పన ఇంగోల్‌స్టాట్‌లోనే సాగింది. 1.7 లీటర్ల, 75 హార్స్‌పవర్ గల దాని ఇంజను ఆడి 80 కారు ఇంజను కుటుంబానికి చెందినది. మరోమారు ముందుచక్రాల కారు ఇంజనే నాలుగుచక్రాల వాహనానికి ఆధారమైంది.

1976-77 శీతకాలంలో ఫిన్లాండ్‌లో జరిగిన పరీక్షల్లో ఆడి సంస్థ చాసిస్ ఇంజనీరు యోర్గ్ బెన్సింగర్ ఒక విశేషాన్ని గమనించాడు. మంచు రోడ్డుమీద 75 హార్స్‌పవర్ ఇల్టిస్, దానికంటే ఎంతో ఎక్కువ శక్తి గల ముందుచక్రాల ఆడి కార్లను సునాయాసంగా దాటిపోతోంది. శక్తి ఎంత ఉన్నదన్నదానికంటే అది ఎన్ని చక్రాల ద్వారా నేలను పట్టుకుంటున్నదన్నదే ముఖ్యమని ఆ దృశ్యం తెలియజేసింది. బలమైన ఇంజనుగల ఆడి కారులో ఇదే పద్ధతిని ప్రయత్నించాలని బెన్సింగర్ 1977లో సాంకేతికాభివృద్ధి విభాగాధిపతి ఫెర్డినాండ్ పీయెక్‌కు ప్రతిపాదించాడు. వాల్టర్ ట్రేసర్ ఆధ్వర్యంలో ఆడి 80 కారు పైభాగానికి ఇల్టిస్ నుండి తీసిన చోదకభాగాలను జోడించి తొలి నమూనాను నిర్మించారు. 1978 జనవరిలో ఆ నమూనా ఆస్ట్రియాలోని టుర్రాఖర్ హూహె కనుమలో 23 శాతం ఏటవాలుగల మంచు దారిని మామూలు వేసవి టైర్లతోనే ఎక్కింది. ఫోక్స్‌వాగన్ యాజమాన్యం ఎదుట జరిగిన ఆ ప్రదర్శన ప్రతిపాదనకు ఊపిరిపోసింది.

5. పంపకపు సమస్య:

తొలి నమూనాలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. మంచు మీద అది లోపంగా కనిపించదు. పొడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు మాత్రం టైర్లు గునుస్తాయి, ఒరుసుకుంటాయి.

ఇందుకు కారణాన్ని వ్యవసాయ జీవితం నుండి సులభంగా గ్రహించవచ్చు. కల్లంలో గుంజ చుట్టూ బంతి కట్టి ఎడ్లను తిప్పేటప్పుడు గుంజకు దగ్గరి ఎద్దు చిన్న చుట్టు నడుస్తుంది, చివరి ఎద్దు పెద్ద చుట్టు నడుస్తుంది. రెండింటినీ ఒకే వేగంతో నడవమంటే బంతి సాగదు. కారు మలుపులోనూ లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరుగుతాయి. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. అదేవిధంగా మలుపులో ముందుచక్రాలు వెనుకచక్రాలకంటే పెద్ద వలయంలో తిరుగుతాయి. కనుక నాలుగుచక్రాల డ్రైవ్ గల వాహనం అన్ని రోడ్ల మీదా, అన్ని వేళలా నడవాలంటే రెండు ఇరుసుల మధ్య మూడో డిఫరెన్షియల్ కావాలి.

జీపు వంటి వాహనాల్లో శక్తిని పంచడానికి గేర్‌బాక్సు వెనుక ప్రత్యేకమైన ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. అక్కడి నుండి ముందు ఇరుసుకు మరొక షాఫ్టు పక్కగా నడుస్తుంది. దీనివల్ల బరువు పెరుగుతుంది, కారు లోపలి నేల ఎత్తు పెరుగుతుంది. ఫ్రాంజ్ టెంగ్లర్ తదితర గేర్‌బాక్సు రూపకర్తలు ఈ చిక్కును ఒక సరళమైన ఉపాయంతో విడదీశారు. గేర్‌బాక్సులోని 263 మిల్లీమీటర్ల పొడవైన రెండో షాఫ్టును బోలుగా చేశారు. ఆ బోలు షాఫ్టు వెనుక కొసన ఉన్న మధ్య డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది. డిఫరెన్షియల్ నుండి సగం శక్తి పొడవాటి షాఫ్టు ద్వారా వెనుక ఇరుసుకు వెళుతుంది. మిగిలిన సగం బోలు షాఫ్టు లోపలినుండే సాగే మరొక సన్నని షాఫ్టు ద్వారా ముందుకు వచ్చి ముందు ఇరుసును చేరుతుంది. శక్తి ఒకే దారిలో వెనక్కి పోయి, అదే దారి గర్భంలోనుండి ముందుకు వస్తుందన్నమాట.

ఈ ఉపాయం సాధ్యపడటానికి డీకేడబ్ల్యూ కాలం నాటి నిలువు అమరికే కారణం. ఇంజనును అడ్డంగా అమర్చిన ముందుచక్రాల కారులో షాఫ్టులన్నీ ఇరుసుకు సమాంతరంగా తిరుగుతాయి. వెనక్కి శక్తి పంపాలంటే దాని దిశను తొంభై డిగ్రీలు మళ్లించే అదనపు గేర్లు తప్పవు.

6. క్వాట్రో – సాఫల్యం, పరిమితి:

1980 మార్చి 3న జెనీవా ప్రదర్శనలో క్వాట్రో వెలుగుచూసింది. దాని 2,144 సీసీ అయిదు సిలిండర్ల టర్బో ఇంజను, 1979లో వచ్చిన ముందుచక్రాల ఆడి 200 కారు నుండి తీసుకున్నదే. అక్కడ 170 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజనుకు గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరును జోడించి 200 హార్స్‌పవర్ రాబట్టారు. వెనుక సస్పెన్షన్ కోసం ముందు సస్పెన్షన్‌నే వెనక్కి తిప్పి వాడుకున్నారు. ప్రపంచ ర్యాలీ పోటీల్లో 1981 ఫిబ్రవరిలో హన్ను మిక్కోలా స్వీడన్ ర్యాలీని గెలిచాడు. అదే ఏడాది సాన్‌రెమో ర్యాలీలో మిషెల్ మూటోన్ విజయం సాధించి, ప్రపంచ ర్యాలీని గెలిచిన తొలి మహిళగా నిలిచింది. 1982, 1984 సంవత్సరాల్లో నిర్మాతల బిరుదు ఆడికి దక్కింది.

అయితే వారసత్వంగా వచ్చిన అమరిక మేలుతోపాటు కీడునూ తెచ్చింది. పొడవైన అయిదు సిలిండర్ల ఇంజను మొత్తం ముందు ఇరుసుకు ముందే వేలాడుతుండటంతో కారు ముక్కు బరువెక్కి, మలుపుల్లో తిరగక ముందుకు జారే స్వభావం ఏర్పడింది. దీనిని సరిచేయడానికి ఇరుసుల మధ్య దూరాన్ని 320 మిల్లీమీటర్లు తగ్గించి స్పోర్ట్ క్వాట్రోను తయారుచేశారు. కానీ ఇంజనును కారు మధ్యలోకి మార్చి నాలుగు చక్రాలను నడిపిన ప్యూజో 205 టర్బో 16 కారు 1985, 1986 బిరుదులను గెలుచుకుంది. ఆడి ఇంజను స్థానాన్ని వదులుకోలేకపోయింది, ప్యూజో వదులుకొని గెలిచింది. ఒక సంస్థకు మార్గం చూపిన సంప్రదాయమే ఆ సంస్థకు హద్దుగా మారడం ఇక్కడ గమనించదగిన అంశం. తొలి క్వాట్రో తయారీ 1991లో ముగిసింది. అప్పటికి 11,452 కార్లు తయారయ్యాయి.

7. మార్పిడిలో మారేదీ, మారనిదీ:

ఈ చరిత్ర నుండి ఇంజను మార్పిడికి సంబంధించిన ఒక సాధారణ సూత్రం తేలుతుంది. తాను తిప్పే చక్రాలు రెండో, నాలుగో ఇంజనుకు తెలియదు. అది క్రాంక్‌షాఫ్టును తిప్పడం వరకే చేస్తుంది. అందువల్లనే ఒకే ఇంజను కుటుంబం రెండు రకాల కార్లలోనూ పనిచేయగలిగింది. మిత్సుబిషి సంస్థ 4జి63 ఇంజనును ముందుచక్రాల కార్లలోనూ, నాలుగుచక్రాల గాలంట్ వీఆర్-4 వంటి కార్లలోనూ వాడటం ఇందుకు మరొక నిదర్శనం.

తేడా ఇంజను చుట్టూ ఉంటుంది. గేర్‌బాక్సుతో కలిసే బోల్టుల అమరిక, క్లచ్ కొలత, షాఫ్టుకు దారినిచ్చే ఆయిల్ సంప్ ఆకారం, ఇంజను బరువును మోసే మౌంట్లు, విద్యుత్ తీగల అల్లిక పరస్పరం సరిపోవాలి. అందుకే ఇటువంటి మార్పిడి చేసే పనివారు కొత్తగా తెచ్చిన ఇంజను దిమ్మెను మాత్రం ఉంచి, దాని చుట్టూ ఉండే భాగాలను నాలుగుచక్రాల కారు నుండే తిరిగి బిగిస్తారు. మూంగా నుండి క్వాట్రో వరకు ఇంగోల్‌స్టాట్ ఇంజనీర్లు చేసింది కూడా స్థూలంగా ఇదే.

8. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా మూడు అంశాలను నిర్ధారించవచ్చు. మొదటిది, క్వాట్రో ఒక్క శీతకాలంలో పుట్టిన ఆలోచన కాదు. 1956 నాటి మూంగా, 1970ల నాటి ఇల్టిస్ దానికి పూర్వరూపాలు. రెండవది, ఈ పరంపరలో ఇంజను పదేపదే మారినా ఇంజను స్థానం స్థిరంగా ఉంది. ఆ స్థిరత్వమే బోలు షాఫ్టు ఉపాయానికి అవకాశమిచ్చింది, అదే ముక్కుబరువు అనే లోపానికీ కారణమైంది. మూడవది, సైనికుల బురదదారులు, విద్యుత్ సిబ్బంది మంచుదారులు, పరీక్షకుల గడ్డకట్టిన రోడ్లు ఈ సాంకేతికతకు అసలైన ప్రేరణలు. ప్రదర్శనశాలల్లోని వెలుగులు తరువాత వచ్చినవి.

ఒక ఆవిష్కరణకు ఒకే కర్తను వెతికే చరిత్రరచనలో పాత ఇంజనును కొత్త చోట బిగించిన చేతులు కనుమరుగవుతాయి. బెన్సింగర్ చూపు, ట్రేసర్ నమూనా, టెంగ్లర్ షాఫ్టు, వారికంటే ముందు పేరు నమోదు కాని మూంగా పనివారి అనుభవం కలిసినప్పుడే ఆ కారు నాలుగు కాళ్ల మీద నిలబడింది. యంత్రాల చరిత్రను ఈ దృష్టితో పునఃపరిశీలించవలసిన అవసరం ఎంతైనా ఉంది.