థాయ్‌లాండ్ వరదలు (2011), హార్డ్ డిస్క్‌ల కొరత

2011లో థాయ్‌లాండ్‌ను ముంచెత్తిన వరదలు ప్రపంచమంతటా కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ల కొరతకు కారణమయ్యాయి. చావో ఫ్రయా నదీ పరీవాహకంలో అక్టోబరు నాటికి అయుత్థయ, పథుమ్ థాని ప్రాంతాల్లోని ఏడు పారిశ్రామికవాడలు మునిగిపోయాయి. వరద మైదానంలోనే ఇన్ని ఫ్యాక్టరీలు గుమిగూడటం అసలు లోపం. హోండా కార్ల కర్మాగారం 2012 మార్చి దాకా తెరుచుకోలేదు. బాంగ్ పా-ఇన్‌లోని వెస్టర్న్ డిజిటల్ హార్డ్ డిస్క్‌ల కర్మాగారంలోకీ నీళ్లొచ్చాయి.

అంతకన్నా గమనించదగ్గది మరో డిస్క్ తయారీ సంస్థ సీగేట్ అనుభవం. దాని ఫ్యాక్టరీలు మునగలేదు, అయినా ఉత్పత్తి తగ్గింది. డిస్క్‌ను తిప్పే మోటార్ల వంటి విడిభాగాలు చేసేవారు నీళ్లలో చిక్కుకున్నారు. ఒక్క భాగం అందకపోయినా డిస్క్ తయారవదు. ధరలు కొన్నిచోట్ల రెట్టింపు దాటాయి.

ఆ తర్వాత పారిశ్రామికవాడల చుట్టూ వరద గోడలు కట్టారు. గోడ నీటిని ఆపుతుంది గానీ ఒకే చోటుపై ఆధారపడటాన్ని ఆపలేదు. ఈ ముప్పును తగ్గించుకోవడానికి, 2011లోనే జపాన్ భూకంపంతో దెబ్బతిన్న టయోటా, తన సరఫరాదారులకు సరుకిచ్చే చిన్న సంస్థల వివరాలనూ సేకరించింది. చిప్‌ల వంటి కీలక భాగాలను నెలలకు సరిపడా నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. 2021 చిప్‌ల కరవులో ఈ ఏర్పాటు కొన్ని నెలలు ఆదుకుంది. ఆ ఏడాది సెప్టెంబరులో మాత్రం టయోటా కూడా ఉత్పత్తికి భారీగా కోత పెట్టక తప్పలేదు.